ఆదివారం పొద్దున అబిడ్స్, మధ్యాహ్నం ఉప్పల్: పుస్తకాల సంచి ఎక్కడ పెట్టాలి?

అట్టలేని_పుస్తకం
వచ్చే ఆదివారం ఉప్పల్లో మధ్యాహ్నం 3:30 ఐపీఎల్ ఆటకి రెండు టికెట్లు ఉన్నాయి. ఖమ్మం నుంచి రైల్లో వస్తాం, రాత్రికి సికింద్రాబాద్‌లో తిరుగు రైలు. పొద్దున ఎలాగూ ఖాళీ కాబట్టి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత తెలుగు పుస్తకాలు చూద్దామని. ఎంత తక్కువ కొన్నా ఐదారు కిలోలు అవుతుంది. స్టేడియంలోకి సంచి రానివ్వరంటున్నారు. మరి పుస్తకాలు ఎక్కడ పెట్టాలి?

పన్లో పని, పాత పుస్తకం కొనేముందు ఏమేం చూసుకోవాలో కూడా చెప్పండి. పోయినసారి తెచ్చిన వారపత్రిక సీరియల్ బైండులో నడిమధ్య నాలుగు వారాలు లేవు. హీరోయిన్ రైలెక్కింది, తర్వాతి పేజీలో పిల్లాడికి అన్నప్రాసన.

నారింజ_జెండా
సంచి ఆశ వదిలేయండి. బ్యాగు, నీళ్ళ సీసా, పవర్ బ్యాంకు, హెల్మెట్, అగ్గిపెట్టె, లైటరు, సెంటు సీసా, బయటి తిండి, చివరికి చిల్లర నాణేలు, పెన్ను కూడా వద్దంటారు. ప్రతి సీజన్ ముందు పోలీసులు జాబితా ఇస్తారు, కొంచెం అటూ ఇటూ అంతే. గేటు దగ్గర వస్తువులు దాచిపెట్టే కౌంటరు ఉంటుందని అనుకోవద్దు. రోడ్డు మీద "ఇక్కడ పెట్టుకోండి సార్" అని ఎవరో ఒకరు టేబులేసుకుని కూర్చుంటారు. ఆట అయ్యాక ఆ టేబులూ ఉండదు, ఆ మనిషీ ఉండడు.

ఒకసారి లోపలికి వెళ్ళాక బయటికొస్తే మళ్ళీ రానివ్వరు. కారులో పెట్టేసి వస్తానంటే కుదరదు.

ఇస్త్రీ_మడత
హీరోయిన్ రైలెక్కాక అన్నప్రాసన 😂 ఆ నాలుగు వారాల్లో చాలా జరిగినట్టుంది.

కోఠి_కుర్రాడు
అబిడ్స్‌ల జీపీవో, గదే పెద్ద పోస్టాఫీసు, ఉంది కద. పుస్తకాలు కొన్నంక గక్కడ్నే పార్సిల్ చేసి ఖమ్మం పంపిస్తే అయిపాయె. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టిన్రు, పుస్తకాలకే. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోల దాక 100, మీద పన్ను.

రెండో_ప్లాట్‌ఫాం
@కోఠి_కుర్రాడు, ఆదివారం అక్కడ పార్సిల్ కౌంటర్ తెరిచి ఉంటుందో లేదో కనుక్కున్నావా అన్నా?

కోఠి_కుర్రాడు
అరె. గది మర్చిపోయిన.

మైదా_జిగురు
జ్ఞాన్ పోస్ట్ గురించి ఇంకో మాట. అచ్చేసినవాళ్ళదో ప్రచురించినవాళ్ళదో పేరు పుస్తకం మీద ఉండాలి. వారపత్రికలు, మాసపత్రికలు, వాణిజ్య ప్రకటనలు ఉన్నవి దానికింద తీసుకోరు. అంటే పాత చందమామలు, సీరియల్ బైండ్లు అందులో వెళ్ళవు, మామూలు పార్సిలే. పైగా నేల దారిన వెళ్తుంది, తొందర ఉన్నవాళ్ళకి పనికిరాదు. అట్ట పోయిన పుస్తకం అయితే లోపలి పేజీలో ప్రచురణకర్త పేరు ఉందో లేదో చూసుకోండి.

రెండో_ప్లాట్‌ఫాం
మీరు రైల్లో వస్తున్నారు కాబట్టి మీకు క్లోక్ రూమ్ (స్టేషన్లో సామాను దాచే గది) హక్కు ఉంది. ప్రయాణం టికెట్ చూపించాలి, ఫోన్లో ఉన్నదైనా సరే. అసలు మెలిక తాళం దగ్గర. తాళం వేయని సామాను తీసుకోరు. గుడ్డ సంచి, తాడు కట్టిన పుస్తకాల కట్ట, అట్టపెట్టె ఇస్తే తిప్పి పంపుతారు. కాబట్టి ఇంటి నుంచే జిప్పున్న బ్యాగు ఒకటి ఖాళీగా మడిచి తెచ్చుకోండి. జిప్పు రెండు కొనలు కలిపి చిన్న తాళం వేస్తే చాలు.

నాంపల్లిలో పెట్టకండి. అబిడ్స్‌కి దగ్గరే కానీ ఆట అయ్యాక మళ్ళీ అంత వెనక్కి రావాలి. తిరుగు రైలు సికింద్రాబాద్‌లో కాబట్టి అక్కడే పెట్టండి, ఉప్పల్ వెళ్ళే దారిలోనే తగుల్తుంది. స్టేషన్ పునర్నిర్మాణం పనుల వల్ల కౌంటర్లు చోటు మారుతుంటాయి. దిగగానే ఒకసారి ఎక్కడుందో కనుక్కుని అబిడ్స్ వెళ్ళండి. రసీదు ఫొటో తీసుకోండి, కాగితం పోతే సామాను విడిపించుకోవడం పెద్ద తతంగం.

అట్టలేని_పుస్తకం
ఇది బాగుంది. మెట్రోలో ఎలా వెళ్ళాలి? నాంపల్లిలో ఎక్కి అమీర్‌పేటలో మారాలా?

రెండో_ప్లాట్‌ఫాం
అందరూ చేసే పొరపాటు అదే. లెక్క చూడండి.

నాంపల్లి నుంచి ఎర్ర లైన్లో అమీర్‌పేటకి 6 స్టేషన్లు. అక్కడ నీలం లైను పట్టుకుని స్టేడియం స్టేషన్‌కి 11. మొత్తం 17.

సుల్తాన్ బజార్‌లో ఆకుపచ్చ లైన్ ఎక్కితే జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌కి 7. అక్కడ పై వంతెన మీదుగా నీలం లైన్‌లోకి మారితే స్టేడియం 6. మొత్తం 13. మొదటి స్టాపే సికింద్రాబాద్ ఈస్ట్, మీ క్లోక్ రూమ్ అక్కడే. దిగి సామాను పెట్టి మళ్ళీ ఎక్కండి.

ఆకుపచ్చ లైన్లో రైళ్ళ మధ్య ఎడం ఎక్కువ, ఒకటి తప్పితే ప్లాట్‌ఫాం మీద నిలబడాలి. అయినా అమీర్‌పేటలో మ్యాచ్ రోజు మారడం కంటే నయం. ఆ మెట్ల మీద మనం నడవక్కర్లేదు, జనమే మోసుకుపోతారు.

నారింజ_జెండా
తిరుగు ప్రయాణానికి మెట్రో కార్డులో డబ్బు ముందే వేసుకోండి. ఆట అయ్యాక స్టేడియం స్టేషన్ టికెట్ వరస చూస్తే గుండె ఆగుతుంది. రాత్రి ఆటలప్పుడు మెట్రో వేళలు పొడిగిస్తారు కానీ ఆ ఆఖరి రైళ్ళకి ఉప్పల్, స్టేడియం, ఎన్జీఆర్ఐ స్టేషన్లలోనే ఎక్కనిస్తారు, మిగతా చోట్ల దిగడమే. మీది మధ్యాహ్నం ఆట కాబట్టి ఆ బాధ లేదు.

చిన్న కిటుకు: అందరూ స్టేడియం స్టేషన్‌కి పోతారు. మీరు ఉప్పల్ వైపు ఒక స్టేషన్ వెనక్కి నడవండి. రైలు నాగోల్ నుంచి వస్తుంది, ఉప్పల్ రెండో స్టేషన్. నిలబడే చోటైనా దొరుకుతుంది.

బెజవాడ_బ్లేడు
ఇంత ప్లానింగ్ ఎందుకు సార్, మూడున్నరకి మొదలైతే నాలుగున్నరకి వెళ్ళండి. పుస్తకాలు తీరిగ్గా చూసుకోవచ్చు.

నారింజ_జెండా
@బెజవాడ_బ్లేడు మన సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆటకి ఆ మాట అనకూడదు. 2025 మార్చి 23, అదీ ఆదివారమే, అదీ 3:30 ఆటే. రాజస్థాన్ మీద ఆరు ఓవర్లకి 94. చివరికి 286/6. గంట ఆలస్యంగా వెళ్ళినవాడికి ఓపెనర్ ట్రావిస్ హెడ్ ఆట కనపడలేదు. 2024 మే 8న లక్నో 165 కొడితే మనవాళ్ళు 9.4 ఓవర్లలో వికెట్ పడకుండా ఊదేశారు. ఆ రోజు రెండో ఇన్నింగ్స్ మొదట్లో సమోసా వరసలో నిలబడినవాళ్ళు సమోసాతో వచ్చేసరికి సగం ఆట అయిపోయింది.

బెజవాడ_బ్లేడు
ఓడిన రోజులు కూడా చెప్పండి.

నారింజ_జెండా
దానికి వేరే చర్చ తెరవండి, స్థలం చాలదు.

స్కోరుబోర్డు_కింద
3:30 ఆట అంటే టికెట్లో స్టాండ్ ఏదో చూసుకోవాలి. ఉప్పల్ పిచ్ ఉత్తర, దక్షిణాలుగా ఉంటుంది. కాబట్టి తూర్పు స్టాండ్‌లో కూర్చున్నవాళ్ళకి నాలుగు నుంచి పొద్దు వాలేదాకా ఎండ సూటిగా ముఖం మీదే. పడమటి స్టాండ్‌కి నీడ ముందొస్తుంది. మీది తూర్పు అయితే టోపీ తప్పనిసరి, గొడుగు రానివ్వరు. లోపలికి వెళ్ళగానే నీళ్ళు తాగండి, దాహం వేసేదాకా ఆగొద్దు. ఏప్రిల్ ఎండలో పొద్దంతా అబిడ్స్‌లో వంగి వంగి పుస్తకాలు చూసి వచ్చినవాళ్ళు పదో ఓవర్‌కే తల పట్టుకుంటారు.

చిల్లర విషయం నారింజ చెప్పారుగా. పుస్తకాలవాడు ఇచ్చిన నాణేలు జేబులో మర్చిపోతారు. సుల్తాన్ బజార్‌లో చాయ్ తాగి ఖర్చు పెట్టేయండి.

మైదా_జిగురు
రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. పుస్తకం చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలంటే.

ముందు వాసన. ముక్క వాసన వస్తే తడి తగిలింది. నాఫ్తలీన్ వాసన గుప్పుమంటే మరీ అనుమానించాలి, దాని కింద ముక్క వాసన దాక్కుని ఉండొచ్చు.

తర్వాత పుస్తకాన్ని నిలువుగా పట్టుకుని అట్ట మీద వేళ్ళతో తట్టండి, కింద తెల్ల కాగితమో అరచేయో పెట్టి. సన్నని పొడి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉండొచ్చు. కన్నాలున్నా పొడి రాలకపోతే ఎప్పటిదో పాత దెబ్బ, అక్షరాలు పోకపోతే కొనొచ్చు. మట్టి చారలు కనపడితే చెదలు, ముట్టుకోవద్దు, అది ఇంటిదాకా వస్తుంది.

మూడోది పేజీల లెక్క. పాత పుస్తకాలు ఫారాలుగా (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్టలుగా) అచ్చవుతాయి, ఎక్కువగా 16 పేజీలకో ఫారం. చాలా పుస్తకాల్లో ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె వేస్తారు: 17వ పేజీ అడుగున 2, 33వ పేజీ అడుగున 3, ఇలా. పేజీలన్నీ తిప్పకుండా ఆ అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. బైండరు తప్పు చేస్తే ఒక ఫారం రెండుసార్లు కుట్టి ఇంకోటి వదిలేస్తాడు. పుస్తకం లావు మామూలుగానే ఉంటుంది, అందుకే పట్టుబడదు.

నాలుగోది మధ్యకి తెరిచి వీపు చూడండి. దారం కనిపిస్తే కుట్టు బైండింగ్, ఇంకో యాభై ఏళ్ళు ఉంటుంది. జిగురే కనిపిస్తే, అదీ పసుపు రంగుకు తిరిగి పెళుసుగా ఉంటే, ఇంటికెళ్ళి రెండోసారి తెరిచేసరికి పేజీలు చేతికొస్తాయి. పాకెట్ పుస్తకాలన్నిటికీ ఇదే జబ్బు. మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు ఇన్నేళ్ళయినా గట్టిగా ఉండడానికి కారణం ఆ కుట్టు, ఆ కాగితం.

గ్రంథాలయం ముద్ర ఉంటే దాని పక్కన రద్దు ముద్ర కూడా ఉందేమో చూడండి. లేకపోతే అది ఎవరో తిరిగివ్వని పుస్తకం అయ్యుండొచ్చు.

కోఠి_కుర్రాడు
కాయితం పెళుసు చూస్తానికి మూల మడుస్తరు కొందరు. జర అట్ల చెయ్యకుండ్రి. మడత కాడ ఇరిగిపోతది, మీరు కొనకుంటె గా పుస్తకం ఖరాబ్. వేలితోని అంచు మెల్లగ వంచి చూస్తె చాలు, టప్పున సప్పుడొస్తె పెళుసు.

అట్టలేని_పుస్తకం
సీరియల్ బైండ్ల సంగతి?

మైదా_జిగురు
అవి వేరే లోకం. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, వీధి బైండరు దగ్గర కాలికో గుడ్డ వేయించి దాచుకునేవాళ్ళు. నవల పుస్తకంగా వచ్చాక పోయే బొమ్మలు, "గత సంచిక తరువాయి"లు, వెనక పేజీలో సబ్బు ప్రకటనలు అన్నీ అందులో ఉంటాయి. అందుకే వాటి కోసం కొట్టుకుంటారు.

కొనేముందు ప్రతి వారం మొదట్లో ఉండే అధ్యాయం అంకె చూడండి. అంకె లేకపోతే వారం చివరి వాక్యం, తర్వాతి వారం "జరిగిన కథ" పోల్చండి. నాలుగు వారాలు ఒకేసారి పోయాయంటే సాధారణంగా ఆ నెల పత్రిక వాళ్ళింటికి రాలేదు, లేదా చింపకముందే పకోడీల పొట్లం అయింది. మొదటి వారం, చివరి వారం తప్పకుండా చూడాలి, పై అట్ట ఊడినప్పుడు ముందు పోయేవి అవే.

ఇంకో లోపం పక్క కుట్టు. విడి కాగితాలు కాబట్టి బైండరు అంచుకి అరంగుళం లోపల సూది దించుతాడు. పుస్తకం సరిగా తెరుచుకోదు, లోపలి అంచు మాటలు కుట్టులోకి పోతాయి. ఆపైన మూడు పక్కలా కత్తెర వేస్తాడు. ఆ కత్తెర వరస చివరి అక్షరాల్ని మింగిందేమో మూడు నాలుగు చోట్ల తెరిచి చూడండి. ముఖ్యంగా రెండు రకాల సైజు పత్రికలు కలిపి కుట్టిన బైండుల్లో పెద్ద పత్రిక అంచు పోతుంది.

గళ్ళ_నుడికట్టు
పిన్ను కొట్టిన పత్రికలకి ఒక లెక్క ఉంది, చందమామ లాంటివాటికి. కాగితం మధ్యలో మడిచి పిన్ను కొడతారు కాబట్టి ముందు ఒక ఆకు ఊడితే వెనక దాని జత ఆకు కూడా ఊడుతుంది. 64 పేజీల పత్రిక అనుకుందాం. ఒకే కాగితం ఒకే ముఖం మీద పడిన రెండు పేజీల అంకెలు కలిపితే 65 రావాలి. 3, 4 పేజీలు లేవంటే 61, 62 పట్టుకుని చూడండి, ఊడి వేలాడుతూనో, అసలు లేకుండానో ఉంటాయి. అన్నిటికంటే ముందు పోయేది నడిమి కాగితం, 31 నుంచి 34. అమ్మేవాడు పైపైన తిప్పి చూపిస్తే ఇది దొరకదు.

తుప్పు పిన్ను ఉంటే ఇంటికి తెచ్చాక తీసేయండి. నడిమి పేజీలో మడిచి ఉన్న రెండు కాళ్ళు వెన్న కత్తితో నిలువుగా లేపి, వీపు వైపు నుంచి లాగాలి. కాళ్ళు లేపకుండా పెకలిస్తే తుప్పు పట్టిన చోట కాగితం కూడా ఊడివస్తుంది. అవే కన్నాల్లోంచి దారం కుట్టండి.

ఇస్త్రీ_మడత
31 నుంచి 34 లేకపోవడం వల్లే నా చిన్నప్పటి కథలన్నిటికీ మధ్య భాగం లేదని ఇప్పుడర్థమైంది.

మైదా_జిగురు
ఇంటికి తెచ్చాక నేరుగా బీరువాలో పెట్టకండి. పురుగు అనుమానం ఉంటే ఫ్రీజర్. మందపాటి పాలిథిన్ కవర్లో పుస్తకం పెట్టి, గాలంతా నొక్కి తీసి, టేపుతో బిగించి ఫ్రీజర్లో రెండు వారాలు. మన ఇళ్ళ ఫ్రీజర్ మైనస్ 18 దాకా వెళ్తుంది కాబట్టి అంత కాలం కావాలి, రెండు రోజులు చాలవు. గుడ్లు కూడా చావాలి కదా. తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా బయట ఉంచండి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద గాలిలో తేమ పట్టి పుస్తకం చెమర్చుతుంది. అందరూ చేసే తప్పు అక్కడే.

బెజవాడ_బ్లేడు
రెండు వారాలు ఫ్రీజర్లో పుస్తకాలా? ఇంట్లో చేపలెక్కడ పెట్టాలి?

గళ్ళ_నుడికట్టు
చేపల పక్కనే, కవరు బిగువుగా ఉంటే. వదులుగా ఉంటే పులుసు వాసన నవలకి పడుతుంది.

పాతబీరువా
ఇవన్నీ ఎందుకు, వేపాకు వేస్తే సరిపోతుంది. తరతరాలుగా అదేగా.

మైదా_జిగురు
వేపాకు పచ్చిది వేస్తే తేమ తెచ్చి బూజు పట్టిస్తుంది. నీడన కరకరలాడేదాకా ఎండబెట్టి, పల్చటి గుడ్డలో కట్టి మూలన పెట్టాలి, ఆరు నెలలకోసారి మార్చాలి. అప్పుడు కూడా కొత్త పురుగు దగ్గరికి రాకుండా కొంత ఆపుతుందేమో, లోపల ఉన్నదాన్ని చంపదు. నాఫ్తలీన్ కూడా అంతే, పైగా చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ వాసన మంచిది కాదు. మిద్దె మీద ఎండలో ఆరబెట్టడం అన్నిటికంటే చెడ్డది. పత్రిక కాగితం ఎండ తగిలితే పసుపెక్కి అప్పడంలా అవుతుంది. నీడలో, ఫ్యాను కింద, పుస్తకం నిలబెట్టి పేజీలు విసనకర్రలా విడదీస్తే మూడు నాలుగు గంటల్లో ముక్క వాసన తగ్గుతుంది.

పాతబీరువా
చిరిగిన పేజీలకి? సెల్లో టేపు వేస్తే ఏళ్ళ తర్వాత గోధుమ రంగు మరక మిగులుతోంది.

మైదా_జిగురు
టేపు వద్దు. ఒక చెంచా మైదా, ఐదు చెంచాల నీళ్ళు. ఉండలు లేకుండా చల్లటి నీళ్ళలోనే కలిపి, సన్న మంట మీద తిప్పుతూ ఉండండి. తెల్లటి రంగు పోయి గాజులా మారగానే దించాలి, చల్లారాక పల్చటి గుడ్డలో వడగట్టాలి. పల్చని పొడుగు పీచు కాగితం అర అంగుళం పట్టీ చింపుకోండి, కత్తిరించొద్దు, చింపిన అంచు పీచు పేజీలో కలిసిపోతుంది. బ్రష్షుతో జిగురు చాలా పల్చగా పట్టీకి రాసి, చిరుగు మీద వేసి, రెండు పక్కలా అంటుకోని మైనం కాగితం, పైన బరువు. రాత్రంతా. జిగురు ఎక్కువైతే పేజీ ముడుచుకుంటుంది, తప్పంతా అక్కడే వస్తుంది. ఆ జిగురు రెండు రోజులకి పులుస్తుంది, మిగిలింది పారేయండి.

పాతబీరువా
మా వీధి బైండరు అందులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తాడు, పురుగు పట్టదని. నెలల తరబడి నిలవుంటుంది.

మైదా_జిగురు
బైండర్లు వేస్తారు, నిజమే. బకెట్ జిగురు రోజుల తరబడి వాడాలి కాబట్టి వాళ్ళకది అవసరం. అట్టకి, గుడ్డకి పరవాలేదు. పేజీల మీదికి మాత్రం వద్దు, రాగి లవణం కాగితాన్ని మెల్లగా తినేస్తుంది. పైగా విషం, వంటింటి గిన్నెలో కలపకండి.

పాతబీరువా
యాభై ఏళ్ళ నాటి మైలుతుత్తం బైండ్లు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. నేను ఒప్పుకోను.

మైదా_జిగురు
అట్ట గట్టిగా ఉంది. లోపల జిగురు తగిలిన అంచు రంగు చూడండి.

విశాఖ_అల
ఇంతకీ పైన "మనవాళ్ళు" అన్నారేటి? హైదరాబాద్ జట్టు విశాఖోళ్ళకి మనవాళ్ళు ఎలాగవుతారు గురూ? మాకు 2024, 2025లో ఢిల్లీ సొంత జట్టట! 2025 మార్చి 30న మా ఊళ్ళోనే హైదరాబాద్‌ని 163కి పడగొట్టారు, స్టార్క్ 5 వికెట్లు. అటు హైదరాబాద్ తరఫున మా ఊరి నితీష్ రెడ్డి, ఇటు ఆతిథ్య జట్టు. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలీక మెడ నొప్పొచ్చింది.

నారింజ_జెండా
2024 మార్చి 31 మర్చిపోయారు. సొంత జట్టు ఢిల్లీ, గెలిచింది ఢిల్లీ, కేకలన్నీ అవతలి చెన్నై జట్టు ధోనీ 16 బంతుల్లో కొట్టిన 37కి. మీ ఊరి సంగతి ఎందుకులెండి.

విశాఖ_అల
😶

కోఠి_కుర్రాడు
మావోడు సిరాజ్ గుజరాత్‌ల, తిలక్ వర్మ ముంబైల. ఉప్పల్ల తిలక్ సిక్స్ కొడితె సప్పట్లు కొట్టాల్నా వద్దా? నేనైతె కొడత.

స్కోరుబోర్డు_కింద
సొంత ఊరి జట్టు కావాలంటే రంజీకి రండి. 1937-38, 1986-87, రెండుసార్లు హైదరాబాద్ గెలిచింది. 2024 జనవరిలో అరుణాచల్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో 300 చేసి 366 దగ్గర ఆగాడు. అది చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఈ చర్చ తెరిచినాయనకి కూడా రంజీయే సరైనది. రోజుకి 90 ఓవర్లు, భోజనానికి 40 నిమిషాలు, టీకి 20, నాలుగు రోజులు. స్టాండ్లో నలుగురు. నవల పూర్తవుతుంది. ఐపీఎల్లో ఇన్నింగ్స్ విరామం 20 నిమిషాలు, రెండున్నర నిమిషాల టైమవుట్లు నాలుగు. అంటే చదవడానికి అరగంట, అదీ డీజే మోతలో.

విశాఖ_అల
కబడ్డీ అయితే 20 నిమిషాల సగాలు రెండు, ఎండ లేదు, నీడ గొడవ లేదు. తెలుగు టైటన్స్ ఆటలకి వచ్చేవాళ్ళకి ఒక మాట: ఊరికే అరవకండి. రెండు రైడ్లు వరసగా ఖాళీగా వచ్చాక మూడోది చావో రేవో. పాయింటు తేకపోతే రైడరు అవుట్. ముప్పై సెకన్లే. అప్పుడు అవతలి జట్టు రైడరైతే గోల చేయాలి, మన రైడరైతే నోరు మూసుకోవాలి. మన జనం సరిగ్గా తిరగేసి చేస్తారు.

మోడరేటర్
కబడ్డీకి వేరే విభాగం ఉంది. ధోనీ గురించి ఇంకో పోస్టు వస్తే తాళం వేస్తాను.

ఇస్త్రీ_మడత
తాళం క్లోక్ రూమ్‌కి అవసరం అండీ, ఇక్కడ వేయకండి.

కోఠి_కుర్రాడు
అసలు ముచ్చటకొస్త. అబిడ్స్‌ల ఆదివారం దుకాన్లు బంద్ ఉంటయి కాబట్టే వాటి ముంగట పుస్తకాలు పరుస్తరు. పొద్దున తొమ్మిదికే పోతె సగం మంది ఇంకా కట్టలు ఇప్పుతుంటరు. పదింటికి పోయిండ్రంటె అన్నీ కనవడతయి, ఎండ గూడ అప్పటికి ఇంకా ముదరదు. ముందు ఇంగ్లీషు కుప్పలే కండ్లవడతయి, తెలుగువి అడుగున ఉంటయి, లేకుంటె పక్కన ఒక కట్ట కట్టి పెడతరు. "తెలుగు ఉన్నయా" అని అడగాలె, నిలవడి చూస్తె దొరకయి.

బేరం: ఒక్కొక్కటి అడగకుండ్రి. నాలుగైదు ఏరుకొని, అన్నీ ఒక్కకాడ పెట్టి, అన్నిటికి కలిపి ఎంత అనాలె. మీకు బాగ నచ్చింది పైన పెట్టకుండ్రి, నడుమ పెట్టుండ్రి. ఒక్కటి తీసి పక్కకు పెడుతున్నట్టు చేస్తె ధర దిగుతది. చిరిగిన పేజీ చూపిచ్చి అడిగితె ఏం తగ్గియ్యడు, వానికి ముందే తెలుసు.

బెజవాడ_బ్లేడు
ఇదే పద్ధతి మా బెజవాడ లెనిన్ సెంటర్లో చేస్తే, నడుమ పెట్టినదాని ధరే ముందు చెప్తారు. వాళ్ళు ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నారో.

కోఠి_కుర్రాడు
😂 గది నిజమే.

అట్టలేని_పుస్తకం
సరే, ఇలా అనుకుంటున్నా. సికింద్రాబాద్‌లో దిగగానే క్లోక్ రూమ్ ఎక్కడుందో చూసుకోవడం. పదింటికి అబిడ్స్, పన్నెండుంపావుకి బేరాలు బంద్. సుల్తాన్ బజార్‌లో టిఫిన్, చాయ్, చిల్లర ఖర్చు. ఆకుపచ్చ లైన్, పరేడ్ గ్రౌండ్, సికింద్రాబాద్ ఈస్ట్‌లో సంచి పెట్టి రెండున్నర లోపు గేటు. టికెట్ చూశాను, తూర్పు స్టాండే. టోపీ కొనాలి.

స్కోరుబోర్డు_కింద
స్టేడియం ముందు కాదు, అబిడ్స్‌లోనే కొనండి. గేటు దగ్గర నారింజ టోపీ ధర అడిగితే పుస్తకాలవాడు దేవుడిలా కనిపిస్తాడు.

రెండో_ప్లాట్‌ఫాం
రెండున్నర కాదు, రెండింటికే గేటు దగ్గర ఉండేలా చూసుకోండి. క్లోక్ రూమ్ వరస ఎంతుంటుందో చెప్పలేం. బ్యాగు నింపేటప్పుడు పెద్ద పుస్తకాలు పడుకోబెట్టి అడుగున, వీపులు అటొకటి ఇటొకటి. ఊడిన అట్టలున్నవి దినపత్రికలో చుట్టి పైన. నిలబెట్టి కుక్కితే ఇంటికెళ్ళేసరికి మూలలన్నీ పోతాయి.

అట్టలేని_పుస్తకం
దినపత్రిక కూడా అక్కడే కొంటాను. ఇంకేమైనా మర్చిపోయానా?

రెండో_ప్లాట్‌ఫాం
తాళం.

ఇస్త్రీ_మడత
తాళం చెవి కూడా. గేటు దగ్గర దాన్ని ఆపితే ఇంకో చర్చ తెరవాలి.